ఈనిన వేళ, తాగిన వేళ

ఆ ఏడు వానాకాలంలో మా కొట్టంలో నాలుగు గేదెలు చూడితో ఉన్నాయి. అంతకు ముందు ఏడాది నాలుగు ఈనితే మూడు దూడలు పోయాయి. పుట్టినప్పుడు చక్కగానే ఉండేవి. వారం తిరిగేసరికి పేడ నీళ్ళలా పారుకోవడం మొదలయ్యేది. కళ్ళు లోపలికి పోయేవి, ఇంకో నాలుగు రోజులకు లేవడం మానేసేవి. మా ఒక్క ఇంట్లోనే కాదు, చుట్టుపక్కల పాడి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. బతికితే మన అదృష్టం, పోతే దాని రాత అనుకోవడం అందరికీ అలవాటైపోయింది.

ఆ రాత సంగతేమిటో చూడటానికే డాక్టరమ్మ వచ్చింది. పశు పరిశోధన కేంద్రంలో ఆమె ఉద్యోగం. నలభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, భుజాన బరువైన సంచి, జుట్టు మీద వాన చుక్కలు. పాలకేంద్రం వాళ్ళు ఆమెను తిన్నగా మా ఇంటికే పంపారు. ఏ ఇంట్లో గేదె ఈనలేక అవస్థ పడుతున్నా ముందు పరుగెత్తుకొచ్చేది మా అత్తయ్య కోసమే. అడ్డం తిరిగిన దూడను లోపలే సరిచేసి బయటికి తీసిన చెయ్యి ఆమెది. అత్తయ్య సరేనంటే మిగతా ఇళ్ళన్నీ సరేనన్నట్టే.

అత్తయ్యకు ఈ విషయంలో ఒక చట్టం ఉండేది. ఈనిన తర్వాత తల్లి కడుపులోంచి మాయ పడేదాకా దూడకు చన్ను అందించకూడదు. అందిస్తే మాయ లోపలే నిలిచిపోతుంది. పైగా ఆ మొదటి ముర్రుపాలు చిక్కగా, పచ్చగా ఉంటాయి కాబట్టి పసి కడుపుకు అరగవు, పారుకునేది అందుకే. ఇది ఆమెకు ఆమె అత్తగారు చెప్పింది. ఆవిడకు వాళ్ళ అత్తగారు చెప్పి ఉంటుంది. డాక్టరమ్మ నోరు తెరవకముందే అత్తయ్య ఇదంతా ఏకరువు పెట్టింది, మళ్ళీ ఎవరూ తనకు పాఠం చెప్పకుండా.

డాక్టరమ్మ వాదించలేదు. అది నాకు ఆశ్చర్యంగా అనిపించింది. అంతా విని, నెమ్మదిగా అంది.

“మీ పద్ధతి మార్చుకోమని నేను అడగనమ్మా. ఎవరింట్లో ఎలా చేస్తారో అలాగే చెయ్యండి. దూడ ఎన్నింటికి పుట్టింది, మొదటిసారి పాలు ఎన్నింటికి తాగింది, ఎన్ని తాగింది, తర్వాత ఎలా ఉంది... ఇవి రాసిపెట్టే మనిషి ఒకరుంటే నాకు చాలు.”

అత్తయ్య నా వైపు చూసింది. “మా కోడలుంది. పచారీ చీటీ కూడా పరీక్ష రాస్తున్నట్టు రాస్తుంది. దాన్ని తీసుకోండి, దాని చేతి దురదా తీరుతుంది.”

అలా ఆ పని నా మెడకు పడింది. డాక్టరమ్మ నాకు ఒక వేలాడే కాటా, దూడను పడుకోబెట్టి తూచడానికి ఒక గుడ్డ ఊయల, గీతలు గీసిన కొలత మగ్గు, ఒక లావుపాటి నోటు పుస్తకం ఇచ్చింది. పుస్తకంలో గడులు తనే గీసింది. ఈనిన వేళ, తాగిన వేళ, ఎన్ని లీటర్లు, పుట్టిననాటి బరువు, నెల నాటికి బరువు. చివరి గడిలో ఉన్నదనో పోయిందనో ఒక్క ముక్క. మా ఆయన పాల వ్యాను నడుపుతాడు. తెల్లవారి వెళితే మధ్యాహ్నం అన్నానికి వస్తాడు. గుమ్మంలో వేలాడుతున్న కాటా చూసి, ఇకమీదట తనను కూడా తూచి గానీ లోపలికి రానివ్వరేమో అన్నాడు.

పదకొండు ఇళ్ళు. ఎవరింట్లో గేదె ఈనినా నాకు కబురొచ్చేది. మా ఆయన పాత సైకిలు మీద, సంచిలో పుస్తకం తడవకుండా చుట్టుకుని వెళ్ళేదాన్ని.

మా కొట్టంలో మొదటి ఈత పొద్దున్నే, ఆరుంబావుకు. పెయ్యదూడ. అత్తయ్య గడ్డితో ఒళ్ళంతా తుడిచి, ముక్కు శుభ్రం చేసి, తల్లికి అందనంత దూరంలో కట్టేసింది. అది వణుకుతూ నాలుగు కాళ్ళ మీదా నిలబడింది. నిలబడి గోడను చప్పరించింది. కట్టుకొయ్యను చప్పరించింది. అత్తయ్య అటు వెళితే ఆమె చీర చెంగు నోట్లో పెట్టుకుంది. “ఉండవే తల్లీ, ఆగు” అని అత్తయ్య చెంగు లాక్కుని దాని నుదురు నిమిరింది. తల్లి మెడ పలుపు తెగేలా లాగుతూ అరుస్తూనే ఉంది. మధ్యాహ్నం మూడింటికి మాయ పడింది. అప్పుడు ముందుగా రెండు చెంబుల పాలు పిండి పారబోసి, దూడను వదిలింది. అప్పటికి దానికి ఆకలి చచ్చిపోయింది. రెండు గుక్కలు తాగి పడుకుంది.

నేను రెండు గడుల్లో రెండు వేళలు రాశాను. ఆరో రోజున పారుకోవడం మొదలైంది. అత్తయ్య దాని తల ఒళ్ళో పెట్టుకుని చెంచాతో ఉప్పు నీళ్ళు పోసింది, గోనె కప్పింది, పొద్దస్తమానం దాని దగ్గరే కూర్చుంది. పదకొండో రోజున పోయింది. అత్తయ్య ఏడవలేదు. తొట్టి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది. తర్వాత నా దగ్గరికొచ్చి, “రాసేసుకో” అంది.

అదే వారంలో రేడియో పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ అసలు పేరు ఎవరూ వాడరు. ఒకసారి మొదలుపెడితే కట్టేయడానికి మీట ఉండదని ఆ పేరు. ఆవిడ పక్కింటి అరుగు మీద కబుర్లలో ఉండగా గేదె తన పాటికి తను ఈనేసింది. ఆవిడ తిరిగొచ్చేసరికి దూడ కడుపు నిండా తాగి, మూతికి నురగతో నిద్రపోతోంది. మాయ కూడా పడిపోయి ఉంది. ఎన్నింటికి తాగిందని అడిగితే ఆవిడ గొంతు తగ్గించి, ఈ సంగతి మీ అత్తయ్యకు చెప్పొద్దని బతిమాలింది. నేను చెప్పలేదు, రాసుకున్నాను. నెల తిరిగాక ఆ దూడను ఊయలలో పెట్టి తూస్తే, అది తన్నిన తన్నుకు కాటా ముల్లు ఎక్కడా నిలవలేదు.

ఓ మధ్యాహ్నం వాన ఎడతెరపి లేకుండా కురుస్తోంది. అత్తయ్య చేటలో మినుములు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఉన్నట్టుండి, ఆ పుస్తకంలో ఏం రాశానో చదవమంది. ఆమెకు చదువు రాదు. అప్పటిదాకా ఆ పుస్తకాన్ని కన్నెత్తి చూసింది కూడా లేదు.

నేను మొదటి వరస నుంచి చదివాను. ఒక్కొక్క ఇల్లు చదువుతుంటే చెయ్యెత్తి ఆపేది. చేటలో మినుములు ఓ పక్కకు నెట్టి, డబ్బాలోంచి గుప్పెడు శనగలు తెచ్చుకుంది. బతికిన దూడకు శనగ గింజ, పోయిన దూడకు మినప గింజ. రెండు గంటల్లోపు తాగినవి చేటకు ఎడమ వైపు, ఆలస్యంగా తాగినవి కుడి వైపు. అప్పటికి పదమూడు దూడలు. ఎడమ వైపు అయిదు శనగలు, ఒక మినప గింజ. కుడి వైపు మూడు శనగలు, నాలుగు మినప గింజలు. ఆ నాలుగింట్లో ఒకటి మాది.

చేటను అలాగే ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు చూసిందో. రేడియో పెద్దమ్మ వరస మళ్ళీ ఒకసారి చదివించుకుంది.

“అయితే దాని బద్ధకం దూడకు కలిసొచ్చిందన్నమాట” అంది.

అత్తయ్య శనగల్ని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసింది. మిగిలిన మినుములు మళ్ళీ చేటంతా పరిచి రాళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టింది.

మా రెండో గేదె నుదుట తెల్ల మచ్చ ఉంటుంది. చుక్క అని పిలిచేవాళ్ళం. అది ఓ సాయంత్రం నాలుగున్నరకు ఈనింది. అత్తయ్య దూడను తుడిచి, కట్టలేదు. నా వైపు చూడకుండానే చెయ్యి చాపి, “ఆ మగ్గు ఇటివ్వు” అంది. గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి పిండింది. మగ్గులో పాలు పసుపు కలిపినట్టు పచ్చగా, తీగలు సాగేంత చిక్కగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే మామయ్య గడ్డిమోపు ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు. మామయ్య మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే మనిషి. అత్తయ్య చేతిలోని మగ్గు చూశాడు. మోపు అక్కడే, వానలోనే దించేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. తన అమ్మ చెప్పిన మాట దాటినందుకు నొచ్చుకున్నాడనుకున్నాను. ఆ రోజు నుంచి ఈనిన గేదెకు పాలు పిండే వేళకు ఆయన కొట్టం వైపు వచ్చేవాడు కాదు.

దూడ గంటలోపు రెండున్నర లీటర్లు తాగింది. తర్వాత తల్లి దగ్గరికి వెళ్ళి పొదుగును కుమ్మికుమ్మి ఇంకా కావాలంది. ఎనిమిదింటికల్లా మాయ పడిపోయింది. మొదట ఈనిన గేదెకు దాదాపు తొమ్మిది గంటలు పట్టింది, దీనికి మూడున్నర. అత్తయ్య బోర్లించిన తొట్టి మీద కూర్చుని మాయ వైపు చూసింది, దూడ వైపు చూసింది.

“ఇదీ నిజం కాదన్నమాట” అంది. ఆ మాట నాతో అనలేదు.

నెల తర్వాత డాక్టరమ్మ వచ్చింది. అప్పటికి మూడోది కూడా ఈని, దాని దూడా గంతులేస్తోంది. చుక్క దూడ పుట్టినప్పుడు ముప్ఫై ఒక్క కిలోలు. ఇప్పుడు నలభై నాలుగు. డాక్టరమ్మ పుస్తకమంతా తిరగేసి, నా రాత చాలా బాగుందని మెచ్చుకుంది. అత్తయ్య చేట కథ నేను చెబితే గట్టిగా నవ్వింది. తమ కేంద్రంలో ఇదే పనికి ఒక యంత్రం ఉందని, అది తరచూ మొరాయిస్తుందని, ఈసారి చేట కొనిపెట్టుకుంటామని అంది.

అత్తయ్య నవ్వలేదు. ఊయల ముడి విప్పుతున్న డాక్టరమ్మను, దూడ మీద చెయ్యి వేసి, అడిగింది.

“మనుషులక్కూడా ఇంతేనా డాక్టరమ్మా?”

డాక్టరమ్మ హుషారుగా జవాబు మొదలుపెట్టబోయి, అత్తయ్య ముఖం చూసి ఆగిపోయింది. ముడి వదిలేసి, ముక్కాలి పీట లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చుంది.

“నాకు ముందు ఆడపిల్ల పుట్టింది” అంది అత్తయ్య. “మూడు రోజులు నా పాలు పట్టనివ్వలేదు మా అత్తగారు. పిండి పారబోయించింది. దానికి పంచదార నీళ్ళు పోశారు. తొమ్మిదో రోజున పోయింది.”

ఆ ఇంటికి కోడలిగా వచ్చి నాకు అయిదేళ్ళు. ఒక్కగానొక్క కొడుకని మా ఆయన గురించి వెయ్యిసార్లు విన్నాను. ఆయనకు ముందు ఒకరున్నారని వినలేదు.

డాక్టరమ్మ తొందరపడలేదు. దూడకు తల్లి కడుపులో ఉన్నప్పుడు రోగాన్ని ఆపే శక్తి ఏదీ అందదని, అంతా ఆ మొదటి పాలలోనే రావాలని చెప్పింది. మనిషి బిడ్డకు అలా కాదు, కొంత బలం కడుపులోనే తల్లి నుంచి అందుతుంది. పసిపిల్లలు పోవడానికి వంద కారణాలుంటాయి. తను మనుషుల డాక్టరు కాదని కూడా చెప్పింది. “ఇప్పుడైతే పుట్టిన గంటలోపే పట్టమంటారమ్మా. కానీ మీ పాప అందుకే పోయిందని ఎవరూ చెప్పలేరు.”

“కాదనీ చెప్పలేరుగా.”

డాక్టరమ్మ ఆమె ముఖంలోకే చూసింది. “చెప్పలేనమ్మా.”

అత్తయ్య తల ఊపింది. దూడ చెవి వెనక గోకింది. తను పెట్టిచ్చిన టీ చల్లారిపోతోంది తాగమంది.

ఆ రోజు మా ఆయన అన్నం తింటుంటే అడిగాను. తనకు తెలిసీ తెలియనట్టు తెలుసన్నాడు. చిన్నప్పుడెప్పుడో ఎవరో అంటే విని, నాకు అక్క ఉండేదా అని అడిగాడట. మామయ్య కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడట. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

వానలు వెనకపట్టాక పాలకేంద్రంలో డాక్టరమ్మ మీటింగు పెట్టింది. పాల క్యాన్లు ఓ గోడ వారకు నెట్టి, బల్లలు వేశారు. పదకొండు ఇళ్ళ వాళ్ళూ వచ్చారు, ఇంకా పిలవని వాళ్ళూ వచ్చారు. మామయ్య అందరికంటే వెనక, తలుపు దగ్గర నిలబడ్డాడు. డాక్టరమ్మ గోడ మీద పెద్ద కాగితం అంటించి లెక్క చెప్పింది. మొత్తం పదిహేడు ఈతలు. రెండు గంటల్లోపు తాగినవి తొమ్మిది, వాటిలో పోయింది ఒకటి. ఆలస్యంగా తాగినవి ఎనిమిది, పోయినవి అయిదు. పదిహేడుతో ఏదీ తేలిపోదని, వచ్చే ఏడు ఇంకో రెండు చోట్ల కూడా ఇలాగే రాయించాలని ఆమె అంటూనే ఉంది. కానీ జనం కళ్ళు అప్పటికే కాగితాన్ని వదిలి అత్తయ్య మీద ఉన్నాయి. ఆమె ఏమంటుందో వినాలి వాళ్ళకు.

అత్తయ్య లేచింది. మీటింగుల్లో మాట్లాడటం ఆమెకు అదే మొదలు. ఇంట్లో చెప్పినట్టే చెప్పింది. చేతులు కడుక్కోవాలి, పొదుగు గోరువెచ్చని నీళ్ళతో తుడవాలి, దూడ లేవలేకపోతే సీసాతో కొద్దికొద్దిగా పట్టాలి, గబగబా పోస్తే పొలమారుతుంది. మాయ కోసం కూర్చోవద్దు, దూడ తాగితేనే అది త్వరగా పడుతుంది, నేను నా కళ్ళతో చూశాను. రేడియో పెద్దమ్మ మధ్యలో అందుకుని, ఈ సంగతి తనకు ముందే తెలుసంది. అందరూ నవ్వారు.

వెనక నుంచి ఓ పాడిరైతు అడిగాడు, వెటకారంగా ఏమీ కాదు, నిజంగానే తెలుసుకోవాలని. ఇన్నేళ్ళుగా పాత పద్ధతిలో మీ ఇంట్లో ఎన్ని పోయి ఉంటాయని.

అత్తయ్య ఆలోచించింది. “దూడలు... ఎన్నని చెప్పను? లెక్క పెట్టుకోలేదు. ఒక బిడ్డ.” ఆగి, చెంగుతో చేతులు తుడుచుకుంది. “బిడ్డ అందుకే పోయిందని డాక్టరమ్మ చెప్పదు. నేనూ చెప్పను. నా పాలు నా బిడ్డకు పట్టలేదన్నది మాత్రం నిజం. మీ ఇళ్ళల్లో ఆడపిల్లలు పురుళ్ళు పోసుకుంటారు, కొట్టాల్లో గేదెలు ఈనుతాయి. ఎవరైనా ఆపమంటే, ఎందుకని అడగండి. నేను అడగలేదు.”

అని కూర్చుంది. డాక్టరమ్మ వచ్చి ఆమె పక్కన బల్ల మీద కూర్చుంది. నేను తలుపు వైపు చూశాను. మామయ్య లేడు.

మీటింగయ్యాక బయటికొస్తే, నా సైకిలు దగ్గర నిలబడి ఉన్నాడు. కాటాను, ఊయలను తనే వెనక క్యారియర్ మీద కట్టి పెట్టాడు. ముగ్గురం ఇంటికి బయల్దేరాం. వాళ్ళిద్దరూ ముందు, నేను సైకిలు నడిపించుకుంటూ వెనక. దారి పొడుగునా నీళ్ళ మడుగులు. చీకటి పడటానికి ఇంకా వేళ ఉంది.

సగం దారి వచ్చాక మామయ్య అన్నాడు. “ఆ పాల గిన్నె నేనే పారబోశాను.”

అత్తయ్య నడుస్తూనే ఉంది.

“మూడు రోజులూ నేనే. అమ్మ నా చేతికిచ్చి, పెరట్లో పారబోసి రారా అనేది. పోసేవాణ్ణి. మొన్న నీ చేతిలో ఆ మగ్గు చూసేదాకా అవి ఏ రంగులో ఉండేవో కూడా గుర్తులేదు నాకు.”

“తెలుసు” అంది అత్తయ్య.

“ఏం తెలుసు?”

“మీరు పోయడం తెలుసు. కిటికీలోంచి చూసేదాన్ని. పోసేసి లోపలికి వచ్చేవారు కాదు. ఖాళీ గిన్నె పట్టుకుని గోడ దగ్గర చాలాసేపు కూర్చునేవారు. మీకూ మనసొప్పడం లేదనుకునేదాన్ని.”

మామయ్య నిలబడిపోయాడు. అత్తయ్య రెండడుగులు ముందుకేసి, ఆయన రావడం లేదని తెలిసి వెనక్కి వచ్చింది. నేను ఉన్నచోటే ఆగి, సైకిలు చైను ఊడిందేమో అన్నట్టు వంగాను. చైను బాగానే ఉంది.

“ఒక్కసారైనా అనలేదే నువ్వు” అన్నాడు మామయ్య.

“మీరూ అనలేదుగా.”

నలభై ఏళ్ళు ఒకే కొట్టంలో, ఒకే గేదెలకు మేత వేసిన మనుషులు వాళ్ళు. పక్కపక్కన నిలబడి నీళ్ళ మడుగు వైపు చూస్తున్నారు. తర్వాత ఆయన ఏదో అడిగాడు, నాకు సరిగా వినపడలేదు. అత్తయ్య జవాబు మాత్రం వినపడింది.

“ఒత్తుగా ఉండేది. చెవుల మీద కూడా జుట్టే. మీ అమ్మ ఎలుగుబంటి పిల్లంది.”

మామయ్య నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏదో అయింది, పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. అత్తయ్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. మళ్ళీ నడక మొదలుపెట్టారు. ఇప్పుడు ఆమె చెబుతోంది, ఆయన అడుగుతున్నాడు. వేళ్ళు ఎంత పొడుగ్గా ఉండేవో, ఏడిస్తే కింది పెదవి ఎలా వణికేదో. ఆమె ఒక్కటి చెబితే ఆయన ఇంకోటి గుర్తు చేసుకుంటున్నాడు. అన్నేళ్ళూ ఇద్దరూ చెరొకచోట దాచుకున్న ఆ తొమ్మిది రోజుల్ని ఒకచోట పోసుకుంటున్నట్టుగా ఉంది.

మా ఇంటి గేటు వచ్చింది. వాళ్ళు చూసుకోలేదు. మాట్లాడుకుంటూ గేటు దాటి, మలుపు వైపు అలాగే నడిచి వెళ్ళిపోయారు. కొట్టంలో గేదెలు పాల వేళయిందని అరుస్తున్నాయి.

నేను పిలవలేదు. సైకిలు గోడకు ఆనించి, చేతులు కడుక్కుని, పాలు పిండటానికి లోపలికి వెళ్ళాను.